ఎల్లలెరుగని గురువు - దత్తాత్రేయుడు

భారతదేశంలో పూజలందుకొనే దేవతలలో పెక్కుమందికి ఒక లోకమున్నది, ఒక సింహాసనమున్నది, సేవించే పరివారమున్నది. విష్ణువుకు వైకుంఠం, శివునికి కైలాసం నివాసాలు. దత్తాత్రేయునికి ఇటువంటి వైభవమేదీ లేదు. ఆయన ఆసనం మేడిచెట్టు క్రింది నేల. ఆయన ఆస్తి ఒక జోలె, ఒక కమండలువు, కాళ్ళకు పావుకోళ్ళు. వెనుక ఒక గోవు, ముందు నాలుగు కుక్కలు ఆయన పరివారం. గోవును భూమికి, శునకాలను నాలుగు వేదాలకు ప్రతీకలుగా పెద్దలు వ్యాఖ్యానిస్తారు. ఇంటింటా భిక్ష స్వీకరిస్తూ, ఒకచోట నిలువక తిరుగుతూ, అడిగినవారికి యోగమార్గాన్ని ఉపదేశించే సన్న్యాసిగా ఆయనను ప్రజలు కొలుస్తారు.

దేవుడై యుండి యాచకునివలె తిరిగే ఈ మూర్తిని ఒక ప్రాంతంవారు గాని, ఒక శాఖవారు గాని తమవాడేనని చెప్పుకొనడం కష్టం. హిమాలయ పాదంలోని నేపాల్ మొదలుకొని కృష్ణానదీ తీరం దాకా, గుజరాత్‌లోని గిరినార్ మొదలుకొని గోదావరి మండలంలోని పిఠాపురం దాకా దత్తక్షేత్రాలు వ్యాపించి ఉన్నవి. వీటిలో తెలుగు నేలకు గల స్థానం విశిష్టమైనది. ఎందుకనగా, మధ్యయుగంలో దత్తావతారంగా ప్రసిద్ధికెక్కిన ప్రథమ గురువు జన్మస్థలం పిఠాపురమేనని సంప్రదాయం చెబుతున్నది.

అత్రి అనసూయల తనయుడు

దత్తుడనగా ఇవ్వబడినవాడు. అత్రి మహర్షి కుమారుడు గనుక ఆత్రేయుడు. ఈ రెండు పదాల కలయికయే దత్తాత్రేయ నామం. త్రిమూర్తుల అంశలతో అత్రి అనసూయలకు ముగ్గురు కుమారులు కలిగారనీ, బ్రహ్మ అంశతో చంద్రుడు, శివుని అంశతో దుర్వాసుడు, విష్ణువు అంశతో దత్తుడు జన్మించారనీ పురాణాలు చెబుతున్నవి. పరీక్షింపవచ్చిన త్రిమూర్తులను అనసూయ తన పాతివ్రత్య మహిమతో పసిపాపలను చేసి ఉయ్యాలలో ఊపిన కథ తెలుగు ఇళ్ళలో అందరూ ఎరిగినదే. ఏకముఖంతో చెక్కిన దత్తమూర్తులు కూడా ఉన్నవి గాని, మూడు శిరస్సులు, ఆరు చేతులు గల రూపమే నేడు విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. శైవులు, వైష్ణవులు వేరువేరు మార్గాలలో నడచిన కాలంలో ఈ ముగ్గురినీ ఒకే దేహంలో దర్శించిన భావన సామాన్యమైనది కాదు.

ఈయన చరిత్రకు ప్రధానమైన ఆకరం మార్కండేయ పురాణం. దీనిని తెలుగువారికి అందించినవాడు మారన. తిక్కన సోమయాజి శిష్యుడైన ఈ కవి కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో ఈ పురాణాన్ని ఆంధ్రీకరించి గన్నయ నాయకునికి అంకితం చేశాడు. కాబట్టి దత్తుని కథ దాదాపు ఏడు వందల సంవత్సరాలుగా తెలుగు సాహిత్యంలో ఉన్నదని చెప్పవచ్చు.

ఈ పురాణంలోని దత్తుడు తనను వెదకి వచ్చేవారిని సులభంగా చేరనీయడు. లోకం నిందించే వేషంలో, మద్యపానాసక్తునివలె కనిపించి, పైపై భక్తితో వచ్చినవారిని దూరంగా ఉంచుతాడు. ఆ వేషాన్ని లెక్కచేయక సేవించిన కార్తవీర్యార్జునుడు సహస్ర బాహువులను వరంగా పొందాడు. అనంతరకాలంలో ఆ కార్తవీర్యుని సంహరించిన పరశురాముడు కూడా దత్తుని ఆశ్రయించి జ్ఞానాన్ని పొందినట్లు త్రిపురా రహస్యమనే శాక్తేయ గ్రంథం వర్ణిస్తున్నది. పరస్పరం వైరులైన ఇరువురికీ ఒక్కడే గురువు కావడం ఈ సంప్రదాయ స్వభావాన్ని తెలుపుతున్నది.

ఇరువది నలుగురు గురువులు

గురువుగా కొలువబడే ఈ అవధూత ముందుగా శిష్యుడు. భాగవతం ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణుడు ఉద్ధవునికి ఒక పూర్వ వృత్తాంతం చెబుతాడు. యదు మహారాజు ఒక యువ అవధూతను చూచి, ఏ పనీ చేయక, ఏ ఆస్తీ లేక, ఇంత ఆనందంగా ఎట్లా ఉండగలుగుతున్నావని ప్రశ్నిస్తాడు. తనకు ఇరువది నలుగురు గురువులున్నారని ఆ అవధూత సమాధానమిస్తాడు. ఆ ఘట్టంలో ఆయన పేరు చెప్పబడకపోయినా, ఆయన దత్తాత్రేయుడేనని సంప్రదాయం నిశ్చయించింది. తెలుగు భాగవతంలో ఈ స్కంధాన్ని రచించినవాడు వెలిగందల నారయ.

ఆ గురువుల పట్టిక ఆశ్చర్యకరమైనది. భూమి, గాలి, ఆకాశం, నీరు, నిప్పు, చంద్రుడు, సూర్యుడు, పావురం, కొండచిలువ, సముద్రం, మిడుత, తేనెటీగ, ఏనుగు, తేనె పట్టేవాడు, లేడి, చేప, పింగళ అనే వేశ్య, కురరపక్షి, పసిబాలుడు, ఒక కన్య, బాణాలు చేసేవాడు, పాము, సాలెపురుగు, కందిరీగ. ఇందులో వేదపండితుడు లేడు, మఠాధిపతి లేడు, రాజు లేడు.

ఒక్కొక్కరు నేర్పిన పాఠం వేరు. ఎందరు త్రొక్కినా చలించని ఓర్పును భూమి నేర్పింది. ఎన్ని నదులు వచ్చి చేరినా పొంగక, అవి ఎండినా తరగక నిలిచే గాంభీర్యాన్ని సముద్రం బోధించింది. కూడబెట్టినదానిని తాను అనుభవింపక ఇతరుల పాలు చేసుకొనడం ఎట్లా ఉంటుందో తేనెపట్టు చూపింది. విదేహ నగరంలో ధనికుని రాకకై అర్ధరాత్రి దాకా వాకిట నిలిచి, ఆశ వదలిన క్షణాన సుఖంగా నిద్రించిన పింగళ, నిరాశయే పరమసుఖమని తెలియజెప్పింది.

కన్య కథ మరింత సుకుమారమైనది. పెళ్ళిచూపులకు వచ్చిన అతిథులకోసం ఇంట్లో ఒంటరిగా ఉన్న పిల్ల వడ్లు దంచడం మొదలు పెట్టింది. చేతి గాజులు గలగలలాడినవి. ఇంట్లో బియ్యం లేవని అతిథులకు తెలిసిపోతుందని సిగ్గుపడి, ఒక్కొక్కటిగా గాజులు తీసివేసి, చేతికి రెండేసి ఉంచుకొన్నది. అవీ చప్పుడు చేయగా ఒక్కొక్కటే మిగిల్చింది. అప్పుడు శబ్దం ఆగింది. పలువురు కూడినచోట కలహం, ఇద్దరున్నచోట వ్యర్థ సంభాషణ తప్పవనీ, సాధకుడు ఏకాంతంలో ఉండవలెననీ అవధూత గ్రహించాడు. ఏకాగ్రత విషయంలో ఆయనకు గురువు బాణాలు చేసేవాడు. రాజుగారి ఊరేగింపు భేరీనాదాలతో పక్కనుంచి సాగిపోయినా అతడు తల ఎత్తలేదు.

వీటన్నిటిలో దేశ సమైక్యతకు సన్నిహితమైన పాఠం తేనెటీగది. చిన్నపువ్వు, పెద్దపువ్వు అనే భేదం లేక తేనెటీగ మధువును గ్రహించినట్లు, వివేకవంతుడు చిన్నవైనా పెద్దవైనా అన్ని శాస్త్రాలనుండి సారాన్ని గ్రహించవలెనని అవధూత బోధ. ధనుస్సును నమ్మిన వృత్తికారుడు, రోలు ముందు కూర్చున్న పేదపిల్ల, సమాజం వెలివేసిన స్త్రీ, ఇందరికి నమస్కరించిన తరువాతనే ఆయన ఇతరులకు నమస్కరింపదగిన గురువైనాడు.

అలర్కుని ఉంగరం

దత్తుడు యోగాచార్యుడుగా దర్శనమిచ్చే ప్రసిద్ధ ఘట్టం అలర్కోపాఖ్యానం. మదాలస అనే రాణి తన కుమారులను ఉయ్యాలలో ఊపుతూ, నీవు శుద్ధాత్మవని జోలపాటలలోనే వైరాగ్యం బోధించింది. పెద్దకొడుకులు ముగ్గురూ విరాగులై వెళ్ళిపోయారు. రాజ్యానికి ఒక్కడైనా మిగలాలని భర్త కోరగా, నాలుగవవాడైన అలర్కునికి ఆమె రాజధర్మాలు నేర్పింది. అరణ్యానికి వెళ్ళే ముందు అతనికి ఒక ఉంగరమిచ్చి, భరింపరాని కష్టం వచ్చినప్పుడు అందులోని లేఖను చదువుకోమన్నది.

చాలకాలం గడిచింది. అలర్కుడు భోగాలలో మునిగిపోయాడు. అతని అన్న సుబాహువు కాశీరాజు సహాయంతో కోటను ముట్టడించాడు. బొక్కసం తరిగింది, సైన్యం క్షీణించింది. అప్పుడు ఉంగరం గుర్తుకు వచ్చి లేఖ చదివాడు. సంగాన్ని విడిచిపెట్టుమనీ, విడువలేకుంటే సజ్జనులతో సంగం చేయుమనీ తల్లి వ్రాసి ఉంచింది. అలర్కుడు వెదకుకొంటూ దత్తాత్రేయుని వద్దకు వెళ్ళి తన దుఃఖాన్ని చెప్పుకొన్నాడు.

ఆ దుఃఖం ఎవరిదని దత్తుడు ప్రశ్నించాడు. దేహానిదా, మనస్సుదా, వాటిని చూచే ఆత్మదా అని ఒక్కొక్కటిగా విచారింపజేశాడు. ప్రాణాయామం, ధారణ, ధ్యానం మొదలైన యోగాంగాలను, యోగి నడవడికను వివరించాడు. అలర్కుడు తిరిగి వచ్చి రాజ్యాన్ని నీవే తీసుకొమ్మని శత్రువుతో అన్నాడు. సుబాహువు దానిని స్వీకరించలేదు. తమ్ముణ్ణి మేల్కొల్పడానికే తాను యుద్ధం తెచ్చాననీ, ఆ పని నెరవేరిందనీ చెప్పి వెళ్ళిపోయాడు. అన్నదమ్ముల యుద్ధంతో మొదలైన కథ రాజ్యాన్ని ఎవరూ కోరని స్థితిలో ముగియడం ఈ ఉపాఖ్యానంలోని చమత్కారం.

అందరికీ అందే యోగం

దత్తుని పేరుతో వెలసిన యోగగ్రంథాలలో దత్తాత్రేయ యోగశాస్త్రం ముఖ్యమైనది. ఇది పదమూడవ శతాబ్ది ప్రాంతానిదని పరిశోధకుల అభిప్రాయం. హఠయోగాన్ని ఆ పేరుతో క్రమపద్ధతిలో బోధించిన ప్రాచీన గ్రంథాలలో ఇది ఒకటి. సాంకృతి అనే మునికి దత్తుడు మంత్ర, లయ, హఠయోగాలను ఇందులో ఉపదేశిస్తాడు. జాబాల దర్శనోపనిషత్తు కూడా ఈ గురుశిష్యుల సంవాదమే.

ఈ గ్రంథంలో ఒక విశేషమున్నది. యోగానికి అధికారి ఎవరన్న ప్రశ్నకు అది ఇచ్చిన సమాధానం కాలాన్ని బట్టి చూస్తే సాహసోపేతమైనది. బ్రాహ్మణుడైనా, శ్రమణుడైనా, బౌద్ధుడైనా, జైనుడైనా, కాపాలికుడైనా, చివరకు చార్వాకుడైనా, శ్రద్ధతో నిత్యం అభ్యాసం చేసినవానికి యోగం సిద్ధిస్తుందని అది చెబుతున్నది. దేవుణ్ణి నమ్మనివానికి సైతం ద్వారం మూయలేదు. కాషాయం ధరించినంతమాత్రాన, శాస్త్రాలు వల్లించినంతమాత్రాన సిద్ధి కలుగదని కూడా స్పష్టం చేస్తున్నది. పుట్టుకను, వేషాన్ని, వాక్కును ప్రక్కకు నెట్టి, ఆచరణను మాత్రమే కొలబద్దగా నిలిపిన ఈ వాక్యాలు దత్త సంప్రదాయానికంతటికీ గీటురాయి వంటివి.

పీఠికాపురంలో జన్మించిన యతి

మరాఠీ భాషలోని గురుచరిత్ర అనే గ్రంథం దత్తభక్తులకు ప్రమాణం. సరస్వతీ గంగాధరుడు దీనిని రచించాడు. అందులోని వృత్తాంతం ప్రకారం పీఠాపురంలో అప్పలరాజు, సుమతి అనే దంపతులుండేవారు. ఒక అమావాస్యనాడు వారి ఇంట శ్రాద్ధం జరుగుతున్నది. నియమం ప్రకారం నిమంత్రితులైన బ్రాహ్మణులు భుజించేవరకు ఆ వంటను అన్యులకు పెట్టరాదు. ఆ సమయంలో ఒక భిక్షువు వాకిట నిలిచాడు. సుమతి సంకోచింపక ఆయనకు అన్నం పెట్టింది. వచ్చినవాడు దత్తాత్రేయుడు. ఆమె కోరికపై ఆయనే ఆమెకు కుమారుడై, శ్రీపాద శ్రీవల్లభుడనే పేరుతో జన్మించాడు. నియమం కంటె ఆకలిగొన్నవాడే ముందని తలచిన ఒక తెలుగు ఇల్లాలి నిర్ణయంతో మధ్యయుగ దత్త సంప్రదాయ కథ ప్రారంభమవుతున్నది.

శ్రీపాదుని కాలాన్ని సంప్రదాయం పదునాల్గవ శతాబ్ది పూర్వార్ధంగా లెక్కిస్తున్నది. పదునారవ ఏట తల్లిదండ్రులు వివాహ ప్రస్తావన తేగా ఆయన సన్న్యాసాన్ని కోరాడు. అంధుడు, కుంటివాడు అయిన ఇద్దరు అన్నలకు స్వస్థత కలిగించి, తల్లిదండ్రులను వారికి అప్పగించి ఇల్లు విడిచాడు. కాశీ, బదరి దర్శించి, గోకర్ణంలో మూడేండ్లు, శ్రీశైలంలో నాలుగు మాసాలు గడిపి, కృష్ణానదిలోని కురువపురం చేరాడు.

నేడు కాకినాడ జిల్లాలో ఉన్న పిఠాపురం ప్రాచీన నగరం. పిష్టపురం అన్న పేరుతో ఇది సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనంలో కనిపిస్తున్నది. పాదగయగా ప్రసిద్ధి చెందిన ఇక్కడి క్షేత్రంలో కుక్కుటేశ్వరుడు, అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటిగా చెప్పే పురుహూతికాదేవి, దత్తాత్రేయుడు ఒకే ప్రాంగణంలో వెలసి ఉన్నారు. ఊరిలో కుంతీమాధవస్వామి ఆలయమున్నది. ఈ ఊరిలోనే 1885లో జన్మించిన ఉమర్ అలీషా ఇస్లాం మతస్థుడై, తెలుగులో పద్యకావ్యాలు రచించి, ఉమర్ ఖయ్యాంను ఆంధ్రీకరించి, ఆధ్యాత్మిక పీఠాధిపతిగా వివిధ మతాలవారి గౌరవాన్ని పొందాడు. 1945లో మరణించే నాటికి ఆయన కేంద్ర శాసనసభ సభ్యుడు కూడా. శైవ వైష్ణవ శాక్తేయాలు, దత్తభక్తి, సూఫీ తత్త్వం ఒక్క పట్టణంలో చోటు చేసుకొనడం విశేషం.

రజకుడు సుల్తానైన కథ

కురువపురం లేక కురుగడ్డ ఒక ద్వీపం. పరిపాలన రీత్యా కర్ణాటకలోని రాయచూరు జిల్లాకు చెందినదైనా, తెలంగాణలోని మక్తల్ వైపునుండి యాత్రికులు పుట్టిలోనో పడవలోనో నదిని దాటి అక్కడకు చేరుతూ వచ్చారు. రెండు రాష్ట్రాల నడుమ ప్రవహించే నదిలో, రెండు భాషలవారు కలిసే ఈ చోట గురుచరిత్రలోని రెండు ప్రసిద్ధ ఘట్టాలు జరిగినవని చెబుతారు.

మొదటిది అంబికది. భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీ, చదువు రాక నలుగురిలో హేళనకు గురియైన కుమారుడు కలిసి నదిలో పడి మరణించడానికి సిద్ధమయ్యారు. శ్రీపాదుడు వారిని వారించి, కుమారుని విద్వాంసుణ్ణి చేసి, మరుజన్మలో లోకపూజ్యుడైన కుమారుడు కలుగుతాడని ఆమెకు వరమిచ్చాడు. ఆ వరం ఫలించి తానే మహారాష్ట్రలోని కారంజలో నృసింహ సరస్వతిగా జన్మించాడని కథ.

రెండవది రజకునిది. ప్రతిదినం శ్రీపాదుని సేవించే రజకుడొకడు, ఒకనాడు ఒక ముస్లిం ప్రభువు పరివారంతో నావలలో విహరించడం చూచి, ఆ వైభవమేమిటని మురిసిపోయాడు. శ్రీపాదుడు అతని మనస్సు తెలుసుకొని, ఆ కోరిక మరుజన్మలో తీరుతుందని అన్నాడు. ఆ రజకుడే బీదరులో సుల్తానుగా జన్మించాడు. తొడపై లేచిన వ్రణం ఏ హకీముల వైద్యానికీ లొంగక, చివరకు గాణగాపురంలో ఉన్న నృసింహ సరస్వతిని దర్శింపవచ్చాడు. ఇంతకాలం ఎక్కడున్నావు రజకా అని ఆ యతి పలకరింపగానే సుల్తానుకు పూర్వజన్మ స్మరణ కలిగింది. వ్రణం మాయమైంది. ఆ సుల్తాను సృష్టికర్త ఒక్కడేనని నమ్మి, అన్యమతస్థులను గౌరవించడాన్ని ఆక్షేపించిన తన మతపెద్దలకు ఎదురు చెప్పినట్లు గ్రంథం వర్ణిస్తున్నది.

ఇది చరిత్ర కాదు, భక్తగాథ. అయినప్పటికీ ఈ గాథ పుట్టిన కాలం గమనింపదగినది. బహమనీ సుల్తానులు పదిహేనవ శతాబ్ది ప్రథమార్ధంలో రాజధానిని గుల్బర్గానుండి బీదరుకు మార్చారు. గాణగాపురం ఆ గుల్బర్గాకు, అనగా నేటి కలబురగికి, సమీపంలోనే భీమా అమరజా నదుల సంగమం వద్ద ఉన్నది. మతం వేరైన ప్రభువుల ఏలుబడిలో జీవించిన ప్రజలు, ఆ ప్రభువును పరాయివాడుగా గాక, తమ ఏటిగట్టున బట్టలుతికిన ఒక పూర్వపరిచితుడుగా ఊహించుకొన్నారు. దక్కను సమాజం ఇరుగుపొరుగు సంబంధాలను ఎట్లా అర్థం చేసుకొన్నదో ఈ కథ చెబుతున్నది.

ఒక గ్రంథం, మూడు భాషలు

నృసింహ సరస్వతి మహారాష్ట్రలో జన్మించి, కృష్ణా పంచగంగా సంగమంలోని నరసోబావాడిలో తపస్సు చేసి, కన్నడదేశంలోని గాణగాపురంలో చాలకాలం నివసించి, తుదకు శ్రీశైల ప్రాంతంలో కృష్ణపై పుష్పాసనం మీద సాగిపోయి అదృశ్యుడైనట్లు గురుచరిత్ర చెబుతున్నది. తెలుగునాట ఆరంభమైన కథ తెలుగునాటనే ముగిసింది. దానిని గ్రంథస్థం చేసిన భాష మరాఠీ. అధిక భాగం జరిగిన స్థలం కన్నడ ప్రాంతం. భాషా ప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడడానికి కొన్ని శతాబ్దాల ముందే ఈ మూడు భాషలవారు ఒకే కథను తమదిగా భావించారు.

ఈ గ్రంథంలోని ఒక ఘట్టం ఆలోచింపదగినది. బీదరు ప్రభువువద్ద జయపత్రాలు పొందిన ఇద్దరు వేదపండితులు గర్వంతో వాదానికి వచ్చారు. నృసింహ సరస్వతి దారిన పోయే ఒక మాతంగుణ్ణి పిలిపించి, నేలపై ఏడు గీతలు గీయించి, ఒక్కొక్క గీత దాటుమన్నాడు. దాటిన కొద్దీ అతనికి ఒక్కొక్క పూర్వజన్మ గుర్తుకు వచ్చింది. ఏడవ గీత దాటగానే వేదం చదవసాగాడు. పండితుల గర్వం అణగింది. కాని అనంతరం అతని ఒంటిపై విభూతిని కడిగించగా ఆ స్మృతి పోయి, అతడు ఎప్పటివలె తన ఇంటికి తిరిగి వెళ్ళాడు.

జ్ఞానం పుట్టుకకు బద్ధం కాదని కథ మొదటి భాగం చాటుతుంది. సమాజంలోని అంతరాన్ని రెండవ భాగం ఉన్నదున్నట్లు వదలివేస్తుంది. ఆ కాలపు పరిమితిని కప్పిపుచ్చవలసిన పని లేదు. గీతలు దాటినవానిని తిరిగి వెనుకకు పంపని సమాజాన్ని నిర్మించే బాధ్యత తరువాతి తరాలది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం అస్పృశ్యతను రద్దు చేసి ఆ బాధ్యతను శాసనంగా మార్చింది.

ఫకీరు వేషంలో వచ్చిన దేవుడు

దత్తుడు ఏ వేషంలోనైనా రావచ్చునన్న విశ్వాసం హిందూ ముస్లిం సంబంధాలలో ఒక మృదువైన సేతువుగా నిలిచింది. పదహారవ శతాబ్దికి చెందిన ఏకనాథుని గురువు జనార్దనస్వామి, ముస్లిం ప్రభువుల కొలువులో దేవగిరి దుర్గాధికారి. ఆయనతో ఉండగా ఏకనాథునికి దత్తుడు ఫకీరు రూపంలో దర్శనమిచ్చినట్లు మరాఠీ భక్తచరిత్రలు చెబుతున్నవి. ఆ ఏకనాథుడే హిందువు, తురకల మధ్య సంవాద రూపంలో ఒక రచన చేసి, వాదులాటతో మొదలుపెట్టి ఆలింగనంతో ముగించాడు.

నాటి నిజాం రాజ్యంలోని హుమనాబాదు వద్ద మాణిక్యప్రభువు (1817-1865) సకలమత సంప్రదాయాన్ని నెలకొల్పాడు. ఏ మతాన్నీ దూషింపరాదు, అన్నీ ఒకే గమ్యానికి చేర్చేవేనన్నది దాని మూలసూత్రం. ఆయనను హిందువులు దత్తావతారంగా భావించగా, ముస్లింలు కూడా భక్తితో ఆశ్రయించారు. 1918లో సమాధి చెందిన షిరిడీ సాయిబాబా మసీదులో నివసించిన ఫకీరు. ఆయనను కూడా దత్తస్వరూపుడుగా కొలిచే భక్తులు లక్షలాదిగా ఉన్నారు.

కర్ణాటకలోని చిక్కమగళూరు జిల్లాలో బాబా బుడన్‌గిరి గుహ హిందువులకు దత్తపీఠం, ముస్లింలకు దాదా హయాత్ మీర్ ఖలందర్ స్థానం. గిరినార్ శిఖరంపైని పాదుకలను హిందువులు దత్తునివిగా, జైనులు నేమినాథునివిగా కొలుస్తారు. కలిసి పూజించిన చోట్లనే కలహాలు కూడా పుట్టవచ్చు. ఈ రెండు స్థలాల విషయంలోను ఇటీవలి దశాబ్దాలలో వివాదాలు తలెత్తి న్యాయస్థానాల దాకా వెళ్ళినవి. హక్కులను నిర్ణయించడం న్యాయస్థానాల పని. అయితే జోలె తప్ప ఆస్తిలేని అవధూత పేరిట ఆస్తి వివాదం నడవడంలోని విడ్డూరాన్ని భక్తులే గ్రహించవలసి ఉన్నది.

నడచిన దారులు

దత్తుడు ఉదయం కాశీలో గంగాస్నానం చేసి, మధ్యాహ్నం కొల్హాపురంలో భిక్ష స్వీకరించి, రాత్రి మాహూరులో విశ్రమిస్తాడని ప్రతీతి. ఆదిలాబాదు సరిహద్దుకు దగ్గరలో, మహారాష్ట్రలోని నాందేడు జిల్లాలో ఉన్న మాహూరుకు తెలుగు యాత్రికులు తరతరాలుగా వెళుతున్నారు. నేపాల్‌లోని భక్తపురంలో పదిహేనవ శతాబ్దిలో యక్షమల్లుని కాలంలో వెలసిన దత్తాలయం ఈ సంచారానికి ఉత్తరపు కొస.

ఆధునిక కాలంలో ఈ సంచారాన్ని అక్షరాలా ఆచరించినవారు వాసుదేవానంద సరస్వతి (1854-1914). కొంకణ ప్రాంతంలో జన్మించిన ఈ యతి దేశమంతటా కాలినడకన తిరిగి, సంస్కృత మరాఠీ భాషలలో దత్త సాహిత్యాన్ని రచించి, గుజరాత్‌లో నర్మదాతీరాన గరుడేశ్వరంలో సమాధి చెందారు. మైసూరు మహారాజు జయచామరాజేంద్ర ఒడయరు 1957లో దత్తాత్రేయునిపై ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రకటించారు. తెలుగులో ఈ సంప్రదాయాన్ని ఇంటింటికి చేర్చినవారు ఎక్కిరాల భరద్వాజ (1938-1989). ఆంగ్లోపన్యాసకులైన ఆయన గురుచరిత్రను సరళమైన తెలుగులో అందించగా, సామాన్య గృహస్థులు దానిని పారాయణ గ్రంథంగా స్వీకరించారు.

భాషలు కలిసే చోట్లకు దేవతలు కూడా ప్రయాణం చేస్తారు. ముంబయినుండి కోల్‌కతాకు సాగే పాత రాజమార్గం నాగపూరు దాటి, ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూరులో తెలీబంధా చెరువు ప్రక్కగా తూర్పునకు పోతుంది. పద్దెనిమిదవ శతాబ్ది మధ్యనుండి 1854 వరకు ఆ సీమపై నాగపూరు భోంస్లేల ప్రాబల్యం ఉండినందున మరాఠీ కుటుంబాలు అక్కడ స్థిరపడినవి. రైలుమార్గాలు పడిన తరువాత ఉద్యోగాలకై తెలుగువారు చేరారు. పడమటినుండి గురుచరిత్ర చదివేవారు, తూర్పు తీరంనుండి పిఠాపురాన్ని ఎరిగినవారు అటువంటి నగరాలలో ఇరుగుపొరుగులవుతున్నారు. మార్గశిర పూర్ణిమనాడు జరిగే దత్తజయంతి ఇరువురికీ పండుగే.

నేటికి నిలిచే పాఠం

దత్తాత్రేయుని అవతారంగా నమ్మినా, పురాణ పాత్రగా చూచినా, ఒక ఆలోచనా ధోరణికి ప్రతీకగా తీసుకొన్నా, ఆ ధోరణి సారాంశం ఒక్కటే. నేర్చుకొనడానికి సిద్ధపడినవానికి పరాయివాడంటూ ఉండడు. బాణాలు చేసేవానివద్ద, గాజులు తీసివేసిన కన్యవద్ద, తేనెటీగవద్ద పాఠం నేర్చినవాడు, ఏ మతంవానిని గాని, ఏ కులంవానిని గాని, ఏ భాషవానిని గాని వాకిటనుండి పంపివేయలేడు.

దేశ సమైక్యత సభలలో చేసే తీర్మానాలవల్ల మాత్రమే నిలిచేది కాదు. వచ్చిన భిక్షువు పేరు, ఊరు అడుగక ముందుగా అన్నం పెట్టిన పీఠాపురపు గృహిణి వంటివారి వాకిళ్ళలో అది ప్రతిదినం పరీక్షకు నిలుస్తుంది. యోగం సిద్ధించేది వేషంవల్ల గాక ఆచరణవల్లనేనని దత్తుని పేరిట వెలసిన శాస్త్రం చెప్పిన మాట, వ్యక్తులకు ఎంత వర్తిస్తుందో, కలిసి జీవించదలచిన జాతికి కూడా అంతే వర్తిస్తుంది.